న్యూజిలాండ్ ఫిష్ అండ్ చిప్స్ ఎవరి తిండి?

ఆక్లండ్_తెలుగోడు:
శుక్రవారం సాయంత్రమైతే ఇక్కడ న్యూజిలాండ్‌లో ఫిష్ అండ్ చిప్స్ (పిండిలో ముంచి వేయించిన చేప, వేయించిన బంగాళాదుంప ముక్కలు) కొట్ల ముందు జనమే జనం. మా ఆఫీసులో ఒకాయన "ఇది మా కివీల (న్యూజిలాండ్ వాళ్ల) జాతీయ వంట" అన్నాడు. ఇంగ్లండ్ నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ల తిండి కదా! ఇక్కడి మూలవాసులైన మావోరీలు గుంటలో కాల్చిన రాళ్ల మీద వండే హాంగీ ఉండగా ఇది జాతీయ వంట ఎలా అవుతుంది?

కారంపొడి:
దొరలదైనా సొంతమా అండీ? చేపను వేయించడం స్పెయిన్, పోర్చుగల్ వైపు నుంచి వచ్చిన యూదులు ఇంగ్లండ్‌కి తెచ్చారంటారు. బంగాళాదుంప దక్షిణ అమెరికాది. మన మిరపకాయా అటునుంచి వచ్చిందే. అలాగని ఆవకాయను పోర్చుగీసు పచ్చడి అంటామా?

నూనెబాండీ:
చదువుకునే రోజుల్లో ఒక చైనీస్ కుటుంబం కొట్టులో పనిచేశాను. చేప తడి బాగా తుడిచి, పొడిపిండి అద్ది, ఆ తర్వాతే జారుపిండిలో ముంచాలి. తడి ఉంటే పైపొర నూనెలోనే ఊడొస్తుంది, ఓనరమ్మ చూసిందంటే ఇక అంతే! ఇంగ్లండ్‌లో కాడ్, హాడక్ చేపలు, పైన వెనిగర్. ఇక్కడ హోకీ, టరాకిహి, పక్కన టొమాటో సాస్. బోర్డు మీద లెమన్‌ఫిష్ అని ఉంటే అది చిన్న సొరచేప. కుమరా చిప్స్ కూడా అడుగుతారు. అది మావోరీల పూర్వీకులు పడవల్లో తెచ్చుకున్న చిలగడదుంపే. ఇంత మారాక ఇంకా ఇంగ్లండ్ వంటేనా?

ఆక్లండ్_తెలుగోడు:
వంట మారింది, ఒప్పుకుంటాను. కానీ ఆ చేప ఏ సముద్రంలోది? బ్రిటిష్ ప్రభుత్వం మావోరీ నాయకులతో చేసుకున్న 1840 వైటాంగి ఒప్పందంలో మావోరీల చేపల వేట వాళ్లదేనని రాసుకున్నారు. 1986లో ప్రభుత్వం వేటను కోటాలుగా, అంటే ఎవరు ఎంత చేప పట్టొచ్చో వాటాలుగా పంచితే వాళ్లు కోర్టుకెక్కాల్సి వచ్చింది. 1992 దాకా తుది రాజీ కుదరలేదు.

కారంపొడి:
ఆ రాజీతోనే కదా సీలార్డ్ కంపెనీలో సగం వాటా మావోరీలకు వచ్చింది! హోకీ పట్టే పెద్ద కంపెనీల్లో అదొకటి. అంటే మీ పొట్లంలో చేప వాళ్ల వ్యాపారమే కావచ్చు. ఇక దొరల తిండి అని ఎలా అంటారు?

ఆక్లండ్_తెలుగోడు:
వాటా ఊరికే రాలేదండీ. బదులుగా వ్యాపార వేట మీద దావాలన్నీ శాశ్వతంగా వదులుకోమన్నారు. కొన్ని తెగలు అప్పుడే ఎదురు తిరిగాయి. అందరి వంట అనే ముందు ఆ బేరం సంగతి కూడా చెప్పాలి. మా ఆఫీసాయనకు అసలు ఆ ఊసే తెలియదు.

నూనెబాండీ:
మా ఓనరమ్మకు తెలుసు. హోకీ రేటు పెరిగినప్పుడల్లా కోటాలనే తిట్టేది.