ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు ప్రేమ: అభిమానమా, అవసరమా?

కొలనుపాక:
మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో రెండు రోజులుగా ఇదే గొడవ. గోల్కొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్ షాను ఒకాయన ఆకాశానికెత్తాడు. మన కవులు ఆయన్ను మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నారని గుర్తుచేశాడు. ఇంకొకాయన "గుళ్లు దోచినవాడికి బిరుదులా" అని గ్రూపులోంచే వెళ్లిపోయాడు. ఇక్కడ చదివినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

ముందు నా మాట చెప్పేస్తాను. ఆ అభిమానం నిజమైనదే. 1543లో ఇబ్రహీం అన్న జంషీద్ కన్నతండ్రినే, అదీ నమాజులో ఉండగా, చంపించి గద్దెనెక్కాడు. ఇంకో అన్న కళ్లు పొడిపించాడు. ఇబ్రహీం ముందు బీదరుకు, అక్కణ్నుంచి విజయనగరానికి పారిపోయి అళియ రామరాయల నీడన ఏడేళ్లు బతికాడు. అక్కడ అంటుకున్నదే ఈ తెలుగు రుచి. తిరిగొచ్చి రాజయ్యాక అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానము' ఆయనకే అంకితమిచ్చాడు. సూర్యుడి కూతురి ప్రేమకథ, మహాభారతంలోది! దాన్ని ఒక షియా సుల్తాను కృతి పుచ్చుకున్నాడంటే మాటలా?

నల్లమల:
ఆ ఏడేళ్ల సంగతి బాగా గుర్తుచేశారు కొలనుపాక గారూ. మరి 1565 జనవరిలో ఏం జరిగిందో కూడా చెప్పాలిగా. అన్నం పెట్టిన రామరాయల మీదికి బీజాపూరు, అహ్మద్‌నగర్, బీదరు సుల్తానులతో కలిసి వెళ్లినవాళ్లలో ఈయనా ఉన్నాడు. ముసలి రామరాయల తల నరికారు, నగరాన్ని కొల్లగొట్టారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

ఇక అహోబిలం. అక్కడి 1584 నాటి శాసనం చూడండి. ఇభరాముడి, అంటే ఇబ్రహీం సేన, స్థానిక దొరలైన హండె నాయకులతో కలిసి వచ్చి ఆ చోటును ఆక్రమించి ఐదారేళ్లు పట్టుకుంది. అక్కడి మఠాధిపతి శఠగోప జియ్యరు విజయనగర రాజు శ్రీరంగరాయలకు మొరపెట్టుకుంటే, రాయలు పంపిన కొండ్రాజు వేంకటరాజు వచ్చి విడిపించాడు. కెంపులు తాపిన విగ్రహం గోల్కొండకు కానుకగా వెళ్లింది. ఒక చేత్తో తపతి కథ వింటూ ఇంకో చేత్తో నరసింహుడి గుడి దోపిడీ సొమ్ము అందుకున్నవాణ్ని భాషాభిమాని అనమంటారా?

శాసనాల పిచ్చి:
నల్లమల అన్నా, శాసనం సంగతి కరెక్టే. కానీ అదే దండయాత్రకు నాయకుడెవరు? మురహరి రావు, మరాఠీ బ్రాహ్మణుడు. ఆ విగ్రహం తెచ్చి సుల్తానుకు ఇచ్చింది ఆయనే. తోడొచ్చిన హండె వాళ్లూ హిందువులే. ఇబ్రహీం తప్పు తగ్గించడానికి ఈ మాట చెప్పడం లేదు. మతం లెక్కన చూసినా, ప్రేమ లెక్కన చూసినా ఈ రాజ్యం మనకు అర్థం కాదంటున్నాను.

అసలు ఆయన్ను గద్దెనెక్కించింది ఎవరు? జంషీద్ చనిపోయాక పసివాడైన అతని కొడుకును పక్కకు తప్పించి ఇబ్రహీంకు దారి చేసినవాడు జగదేవరావు, గోల్కొండ కొలువులోని హిందూ నాయకుడు. వెనక నాయక్వాడీలు, అంటే కోటల్లో కాపలా కాసే స్థానిక సేనలు. కోట తాళాలు వాళ్ల చేతిలో ఉంటే రాజెవరైనా వాళ్ల మాట వినాల్సిందే. కొన్నేళ్లకు అదే జగదేవరావు ఎదురుతిరిగి, ఓడి పారిపోయాడు, అది వేరే కథ. కింద ఊళ్లలో లెక్కలు రాసేది కరణాలు, తెలుగులో. తర్వాతి కాలపు గోల్కొండ ఫర్మానాల్లో, అంటే రాజాజ్ఞల్లో, పారసీతో పాటు తెలుగు పాఠం కూడా ఉండేది. కరణానికి అర్థం కాకపోతే పన్ను ఎలా వస్తుంది? కాబట్టి తెలుగు ఆ దర్బారు పెట్టిన భిక్ష కాదు. అది లేకుండా రాజ్యం ఒక్క రోజు కూడా నడవదు.

కొలనుపాక:
ఫర్మానాల వరకు మీ లెక్క సరిపోతుంది. యయాతి చరిత్రకు సరిపోదు. పటాన్‌చెరులో ఉండే అమీన్ ఖాన్, ఇబ్రహీం కొలువులోని అధికారి, పొన్నెగంటి తెలగన్న చేత సంస్కృతం కలవని అచ్చతెలుగులో కావ్యం రాయించుకున్నాడు. ఆ తరహాలో మనకున్న మొదటి కావ్యం అదే. పన్ను వసూలుకు అచ్చతెలుగు కావ్యం ఎందుకండీ? ఏ కరణం అడిగాడు?

శాసనాల పిచ్చి:
మంచి ప్రశ్న. నా ఊహ చెబుతాను, కొట్టకండి. చుట్టూ తెలుగు దొరలు కృతులు పుచ్చుకుంటున్నారు. ఆ ఊళ్లో పెద్దమనిషి అనిపించుకోవాలంటే అమీన్ ఖానూ అదే చేయాలి. విజయనగర రాజసభ పద్ధతి అప్పటికి అందరికీ కొలమానం. రాయలు కృతి పుచ్చుకున్నాడు, నేనెందుకు పుచ్చుకోకూడదు అన్న పోటీ ఉంటుంది కదా. పోటీలోంచి కూడా ఇష్టం పుడుతుంది, కాదనను.

హ్యూస్టన్ నుంచి:
కొంచెం పక్కకు వెళ్తున్నా, ఏమనుకోకండి. అందరూ కింది మెట్టు గురించే మాట్లాడుతున్నారు, పై మెట్టు కూడా చూడండి. ఈ వంశానికి మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ వైపు నుంచి వచ్చిన తుర్కమాన్. శుక్రవారం మసీదులో చదివే ఖుత్బా ప్రసంగంలో ఇరాన్ షా పేరు చదివేవారు. 1636లో షాజహాన్ మెడ మీద కత్తి పెట్టి మాన్పించేదాకా అది సాగింది. హైదరాబాద్ కట్టే రోజుల్లో పీష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మోమిన్ ఇరానీ, తర్వాత వజ్రాల మీద కోట్లు గడించిన మీర్ జుమ్లా ఇరానీ. మనవాళ్లు పైకి రావడానికి చివరి సుల్తాను తానీషా కాలం దాకా ఆగాలి.

పాతబస్తీ:
తానీషా మంత్రులుగా అక్కన్న మాదన్నలు వచ్చారుగా బ్రదర్. రాజ్యమంతా వాళ్ల చేతిలోనే ఉండేది.

నల్లమల:
వచ్చారు, 1686లో గోల్కొండ వీధిలోనే నరికించుకున్నారు కూడా. ఔరంగజేబును చల్లబరచాలని సొంత దర్బారు వాళ్లే చేసిన పని. మరుసటి ఏడాదే కోటా పోయింది. (దయచేసి ఎవరూ రామదాసు కథ ఎత్తకండి, థ్రెడ్ పట్టాలు తప్పుతుంది.)

మచిలీబందరు:
మాటంతా కవులు, మంత్రుల చుట్టే తిరుగుతోంది. మా వైపు రైతు ఏమయ్యాడో ఎవరికీ పట్టలేదు. ఇబ్రహీం మనవడి కాలంలో మా బందరులో ఉన్న ఇంగ్లిష్ వర్తకుడు మెథ్వోల్డ్ రాసి పెట్టాడు. ఏటా జూలైలో పరగణాలు వేలం వేసేవారు, ఎక్కువ పాడినవాడిదే అధికారం. పాట డబ్బు కట్టలేకపోతే గవర్నరైనా బెత్తాల దెబ్బలే. 1614లో మచిలీపట్నం గవర్నరుగా ఉన్న ఒక బ్రాహ్మణుడు ఆ దెబ్బలకే ప్రాణం వదిలాడని కూడా రాశాడు. గవర్నరుకే ఆ గతి పడితే, ఆ టెన్షనంతా దిగేది ఎవరి మీదికి? సుల్తాను తెలుగులో పద్యం విన్నాడా, పారసీలో గజల్ విన్నాడా అన్నది నాగలి పట్టినవాడికి ఒక్కటే.

కొలనుపాక:
ఒక్కటే అంటే ఎలా? ఇబ్రహీంపట్నం చెరువు ఆయన కాలం నాటిదే, హుస్సేన్ సాగర్ కూడా. ఆ నీళ్లు పారింది పొలాలకే.

మచిలీబందరు:
చెరువు తవ్విస్తే శిస్తు పెరుగుతుంది సార్. కాకతీయులు తవ్వించినా అందుకే, వీళ్లు తవ్వించినా అందుకే. కాదంటే చెప్పండి.

నల్లమల:
ఈ విషయంలో మాత్రం బందరు గారితో నాకు పేచీ లేదు. కొలనుపాక గారికి ఒక్కటే చెబుతా. అంకితం పద్యాల్లో రాజును పొగడకుండా ఏ కవి వదిలాడు? గంగాధర కవి పొగడ్తను మీరు సాక్ష్యంగా తీసుకుంటే, అహోబిలం జియ్యరు మొరను కూడా అంతే బరువైన సాక్ష్యంగా తీసుకోవాలి. ఇందాకటి నుంచి చూస్తున్నా, దాని గురించి మీరు ఒక్క ముక్క కూడా అనలేదు.

కొలనుపాక:
అంటాను. ఆ పని ఆయన ఖాతాలోనే పడుతుంది, మురహరి రావు పేరు చెప్పి తప్పించను. అయినా కావ్యం ఆయన ఖాతాలోంచి పోదు. గ్రూపు వదిలి వెళ్లిన మా బాబాయి ఈ రెండో మాట దగ్గరే అలిగాడు. ఈ లింకు ఆయనకు పంపిస్తున్నా, ఇక్కడికే వచ్చి మీతో తేల్చుకోమంటాను.