ఎనిమిది మంది కూర్చునే గదికి ఏ కెమెరా?

చిత్తూరులో మాది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. మీటింగ్ రూము 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. టీవీ కింద లాజిటెక్ సీ920 వెబ్‌క్యామ్ పెట్టాం. టీవీ పక్కనే కూర్చునే మా అకౌంటెంటుకి ఒక చెవి, సగం మీసం మాత్రమే కనిపిస్తాయి. తోతాపురి సీజన్ మొదలైతే రోజూ వీడియో కాల్సే. పీటీజెడ్ కొనమంటారా?

తిరుపతి నుంచి: వద్దండీ. అది తిరిగే కెమెరా, పెద్ద హాళ్లకి బాగుంటుంది. సీ920 చూసేది 78 డిగ్రీలే. లాజిటెక్ వాళ్ల మీటప్ కెమెరా లాంటిది 120 డిగ్రీలు చూస్తుంది, మైకూ స్పీకరూ అందులోనే. అంచుల్లో మొహాలు కాస్త సాగుతాయి, అంతే.

అడిగినాయన: ల్యాప్‌టాప్ టేబుల్‌కి అటు చివర ఉంటుంది. పొడుగు కేబుల్ వేస్తే సరిపోతుందా?

రేణిగుంట నుంచి: అక్కడే మేం దెబ్బతిన్నాం. మామూలు యూఎస్‌బీ 2 కేబుల్ 5 మీటర్ల వరకే. మేం 10 మీటర్లది లాగితే కాల్ మధ్యలో కెమెరా మాయం! సిగ్నల్‌ని మధ్యలో పెంచే యాక్టివ్ కేబుల్ వేశాక కుదిరింది. అన్నట్టు, మీ వెనక కిటికీ ఉందా? ఉంటే ముందు కర్టెన్ వేయండి, లేకపోతే ఎంత ఖరీదు కెమెరా అయినా మొహాలు నల్లగానే వస్తాయి.

అడిగినాయన: ఉంది సార్. ఇప్పుడే దుప్పటి కట్టి చూశా, మొహాలు తెల్లబడ్డాయి. మీసం మాత్రం ఇంకా సగమే.