తుఫాను బొమ్మకి వాద్యబృందం, కోరస్: బరంపురం కార్యక్రమానికి పనుల పంపకం

సంగీతం:
అందరికీ నమస్కారం. మన కుర్రాళ్లు తీసిన తుఫాను బొమ్మ ఎడిటింగు ఖాయమైంది. హాల్లో అది తెర మీద నడుస్తుంటే మనం పక్కన వాయిస్తాం, పాడతాం. 18 నిమిషాలు, సెకనుకి 24 ఫ్రేములు. ఇక ఒక్క షాటు కూడా కదపొద్దు తమ్ముడూ, తాళం లెక్కంతా ఫ్రేముల మీదే కట్టాం. 1440ని నిమిషానికి పడే దెబ్బలతో భాగిస్తే ఒక్కో దెబ్బకి ఎన్ని ఫ్రేములో వస్తుంది: 60 వేగానికి 24, 90కి 16, 120కి 12. సముద్రం నిశ్చలంగా ఉన్న భాగం 60లో, గాలి లేచేది 90లో, కన్ను (తుఫాను నడిమధ్య గాలి ఆగే చోటు) దాటాక 120లో. 100 పెడదామని అడిగినవారికి జవాబు: 14.4 ఫ్రేములొస్తాయి, షాటు మారే చోట దెబ్బ పడదు. వద్దు.

పెద్ద సినిమా తెచ్చి దాని కింద మనం వాయిద్దామన్న మాట కూడా వదిలేద్దాం. సినిమా హక్కులు వేరు, సంగీతం హక్కులు వేరు. రెండు చోట్లా అనుమతి తెచ్చేలోపు కార్తీకమాసం వెళ్లిపోతుంది.

మనుషుల లెక్క: వయొలిన్లు 6, చెల్లో 2, కీబోర్డు 2, బ్యాండు పార్టీ నుంచి 5 (ట్రంపెట్ 2, క్లారినెట్ 2, యుఫోనియం 1), తాళవాద్యాలు 3, కోరస్ 24. మొత్తం 42.

వేదిక:
పెళ్లి బ్యాండువాళ్లని పెట్టడం మంచిదే గానీ, వాళ్లు నొటేషన్ చూసి వాయిస్తారా మాస్టారూ?

సంగీతం:
ఎక్కువమంది చెవితో పట్టేస్తారు. అందుకని ఒక్కొక్కరి వరస విడిగా కీబోర్డు మీద వాయించి ఫోన్లకి పంపుతున్నాం. కాగితం అడిగినవాళ్లకి మాత్రం మార్చి రాయాలి. మన పాట డి మైనర్, అంటే 2 శ్రుతి. బి-ఫ్లాట్ ట్రంపెట్, క్లారినెట్‌లకి అది ఇ మైనర్‌గా రాయాలి. మార్చకుండా కీబోర్డు కాగితమే చేతికిస్తే ఒక స్వరం కిందికి మోగుతుంది. అప్పుడు తుఫాను కంటే ముందు మనమే మునుగుతాం.

ఇంకోటి, వేడి. గాలివాద్యాలు డిగ్రీకి సుమారు 3 సెంట్లు పైకి పోతాయి. ఏసీ గదిలో 24 డిగ్రీల్లో సరిచేసుకుని, జనం నిండి 32కి వెళ్లిన హాల్లో వాయిస్తే 24 సెంట్లు తేడా. పక్క స్వరస్థానానికి నూరు సెంట్లే కదా, అందులో పావు వంతు పోయినట్టే. వయొలిన్ తీగలు అదే వేడికి వదులై కిందికి దిగుతాయి, కీబోర్డు 440 హెర్ట్జ్ దగ్గరే కూచుంటుంది. కాబట్టి శ్రుతి చూసుకోవడం హాల్లోనే, బ్యాండువాళ్లు పది నిమిషాలు ఊదిన తర్వాతే.

కోరస్:
గాలి హోరులో పాడాల్సిన పాట మాటలు ఇంకా రాలేదండీ. లాటిన్‌లో "డీయెస్ ఈరే" పెడదామని కొందరు అంటున్నారు. హాలీవుడ్ ప్రళయం సినిమాల్లో అదే వినిపిస్తుందట.

సంగీతం:
అది మధ్యయుగం నాటి చర్చి గీతం, మృతుల ప్రార్థనలో పాడేది. 1830లో ఫ్రెంచి స్వరకర్త బెర్లియోజ్ తన సింఫనీలో వాడాక చావు వచ్చిందంటే ఆ వరసే అన్నట్టయింది. మన స్వరాల్లో చెప్పాలంటే "గ రి గ స, రి ని స స", గాంధారం సాధారణం, నిషాదం మంద్రస్థాయి కైశికి. మన హాల్లో కూచున్న పెద్దలకి ఇందులో చావు వినబడదు, ఖరహరప్రియ వినబడుతుంది. ఎవరో ఒకరు తల కూడా ఊపుతారు.

దాని బదులు "ఐలెస్సా" తీసుకుందాం. గోపాల్‌పూర్ ఒడ్డున పడవ లాగే నోలియాలు (జాలర్లు) తెలుగువాళ్లే, ఆ పిలుపు ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. మగవాళ్లు మంద్రంలో "ఐ" పట్టుకుంటారు, "లెస్సా" దెబ్బ మీద పడుతుంది.

ఇది కూడా గాలి హోరులో కాదు. గాలి శబ్దం హల్లులన్నిటినీ మింగేస్తుంది. 24 మంది కాదు, నూటఇరవై మంది అరిచినా హాలు చివర మాట తెలియదు. గాలి ఉన్నంతసేపూ కోరస్ "ఊ", "ఆ" మాత్రమే. మాటలు కన్ను వచ్చాకే. కన్ను భాగం 2 నిమిషాల 10 సెకన్లు: మొదటి 20 సెకన్లు ఎవరూ ఏమీ వాయించొద్దు, తర్వాత ఆడవాళ్లు, ఆపైన మగవాళ్లు.

కోరస్:
అర్థమైంది. కర్ణాటక సంగీతం నేర్చిన పిల్లలు 11 మంది ఉన్నారు. తంబురా పెట్టుకోమంటారా?

సంగీతం:
అభ్యాసం మొదట్లో పెట్టండి, స్వరాలు కలిపి పాడేటప్పుడు ఆపేయండి అక్కా. గమకం అసలు వద్దు. ఒకరు గాంధారాన్ని ఊపితే మిగతా మూడు వరసలతో కలవదు, బురదలా వినిపిస్తుంది. పై వరస ఆడవాళ్లకి తారషడ్జం వరకే రాశాను. 5½ శ్రుతిలో పాడే అమ్మాయికి అది తారస్థాయి ప్రతిమధ్యమం అవుతుంది, అంటే బాగా ఎత్తు, కాబట్టి మూడు దెబ్బలకి మించి నిలపలేదు.

కోరస్:
పాట కాగితాలు ఒడియా లిపిలో కూడా కావాలి. ఇక్కడ ఒడియా మీడియంలో చదివినవాళ్లు 9 మంది, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. ఒక చిక్కుంది. ఒడియాలో అకారాన్ని ఒకారంలా పలుకుతారు. "కడలి" అని రాసిస్తే "కొడొలి" అని పాడారు. ఎత్వం, ఏత్వం కూడా ఆ లిపిలో ఒకటే, "కెరటం" "కేరటం" అయింది. ఒక వరసలో ఆరుగురు "అ", ముగ్గురు "ఒ" అంటే శ్రుతి కుదిరినా కుదరనట్టే వినిపిస్తుంది.

సంగీతం:
హ్రస్వాలకి పైన ఎర్ర చుక్క పెట్టండి. అకారం వచ్చే చోట్ల పాడేవాళ్ల పక్కన తెలుగు లిపి చదివేవారిని నిలబెట్టండి. చెవి కాగితం కంటే త్వరగా నేరుస్తుంది.

సౌండు:
కోరస్‌కి కండెన్సర్ మైకులు 4, ఆరుగురికొకటి, తలల కంటే జానెడు ఎత్తులో, ముందుకి మీటరు దూరంలో. చేతి మైకులు ఎవరికీ ఇవ్వం. క్లిక్ (తాళం చెప్పే టిక్ టిక్ శబ్దం) ముగ్గురి చెవుల్లోనే: చెయ్యి ఊపే మాస్టారు, పెద్ద డ్రమ్ము, మొదటి కీబోర్డు. చెవి మూసే ఇయర్‌ఫోన్లే వాడాలి. లేకపోతే కన్నులోని ఆ 20 సెకన్ల నిశ్శబ్దంలో "టిక్ టిక్" కోరస్ మైకుల్లోంచి హాలంతా వినిపిస్తుంది.

డ్రమ్ముకీ కోరస్ చివరి మనిషికీ మధ్య 12 మీటర్లు. మీటరుకి దాదాపు 3 మిల్లీసెకన్ల చొప్పున సుమారు 35 మిల్లీసెకన్లు ఆలస్యం. అందుకని డ్రమ్ము విని పాడొద్దు, చెయ్యి చూసి పాడాలి.

జెనరేటరు హాలు వెనక, కనీసం 30 మీటర్ల అవతల. ఎర్తింగు సరిగా లేకపోతే 50 హెర్ట్జ్ గుయ్ మంటుంది, అది 2 శ్రుతికి దాదాపు మధ్యమం. కింద షడ్జ పంచమాలు పట్టుకున్న చోట ఈ మధ్యమం వచ్చి చేరితే ఎవరో తప్పు పాడుతున్నారనుకుని కోరస్‌నే తిడతారు.

వేదిక:
కుర్చీలు అదిరేలా పెద్ద సబ్‌వూఫర్లు తెద్దామని యువజన విభాగం కోరిక.

సౌండు:
1974లో "ఎర్త్‌క్వేక్" సినిమాకి సెన్సరౌండ్ అని అదే పని చేశారు. హాలీవుడ్ చైనీస్ థియేటర్‌లో పైకప్పు పెచ్చులు రాలి జనం మీద పడకుండా వల కట్టాల్సొచ్చింది. మన హాలు ఫాల్స్ సీలింగు సంగతి మీకు తెలుసు. రెండు సబ్‌లు చాలు.

గాలి శబ్దం ముందు హాలు కుడి స్పీకర్ల నుంచి, కన్ను తర్వాత ఎడమ నుంచి. తుఫాను వాయవ్యంగా కదిలి నేరుగా మన మీదికొస్తే ముందు ఈశాన్యం గాలి, కన్ను దాటాక నైరుతి గాలి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అది చూసినవాళ్లు హాల్లో సగం మంది ఉంటారు, గాలి తిరక్కపోతే వెంటనే పట్టేస్తారు.

ప్రొజెక్టరు లాప్‌టాప్‌లో ఫైలు 24కే ఉండాలి, 25కి మార్చొద్దు. మారిస్తే 18 నిమిషాల బొమ్మ 17 నిమిషాల 17 సెకన్లకే అయిపోతుంది, మనం 43 సెకన్లు చీకటి తెరకి వాయించాలి.

వేదిక:
చేతుల్లేని కుర్చీలు 12, నొటేషన్ స్టాండ్లు 14, స్టాండుకో బ్యాటరీ క్లిప్ లైటు (తెర వైపు వెలుగు పడకుండా నల్ల అట్ట తొడుగు). ఫ్యాన్లకి కాగితాలు ఎగిరిపోతాయి, స్టాండుకి రెండు చొప్పున బట్టల క్లిప్పులు 28. 7 గంటలకి మొదలు, ప్రకటనలు తెలుగులో, ఒడియాలో. రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్లు నడపకూడదు గనక సన్మానాలు బొమ్మ తర్వాత కాదు, ముందే.

క్లిప్పులు చెక్కవే తేవాలి, ప్లాస్టిక్‌వి తీసేటప్పుడు చప్పుడు చేస్తాయి. ఎవరు తెస్తున్నారో శుక్రవారంలోగా ఇక్కడే రాయండి.