కారు ఏసీలో గాలి ఆగిపోవడానికి కారణం గ్యాసా, సెన్సరా?

మా కారు ఏసీ బయలుదేరినప్పుడు చక్కగానే చల్లబరుస్తుంది కానీ, విజయవాడ నుంచి హైదరాబాదుకు వెళ్లేటప్పుడు సూర్యాపేట దాటేసరికి, బ్లోయర్ శబ్దం అంతే ఉన్నా, గాలి రావడం దాదాపు ఆగిపోతుంది. ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం కాసేపు నడిపితే, కారు కింద నీరు ధారగా కారి, గాలి మళ్లీ మామూలుగా వస్తుంది కనుక, ఎవాపరేటర్ కాయిల్ (లోపలికి వచ్చే గాలిని చల్లబరిచే భాగం) మీద మంచు పేరుకుంటోందని నా అనుమానం. క్యాబిన్ ఫిల్టర్ కొత్తదే. మెకానిక్ మాత్రం (అందరూ మొదట అనే మాటే) గ్యాస్ నింపించమంటున్నారు. గేజ్ పెట్టి ప్రెషర్ చూడకుండా ఆర్-134ఏ (ఏసీ గ్యాస్) ఎక్కించడం నాకు సమ్మతం కాదు. కాయిల్ ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు చేరువైనప్పుడు కంప్రెసర్‌ను ఆపించవలసిన థర్మిస్టర్ (ఉష్ణోగ్రత సెన్సర్) పాడైతే ఇలా జరుగుతుందా, లేక గ్యాస్ తగ్గినా ఇవే లక్షణాలు కనిపిస్తాయా? డాష్‌బోర్డు విప్పించకముందే ఈ రెండింటిలో ఏదో తేల్చుకునే మార్గముంటే అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.