సంగీత పత్రిక కవర్‌కి ఫిడేలు ఫొటో: క్లోజప్పా, మిడ్ షాటా?

గోదారి_లెన్స్:
అన్నలూ, నేను కాకినాడలో పెళ్ళిళ్ళు తీసుకుని బతికేవాణ్ణి. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు... పదకొండేళ్ళుగా ఇదే. మొన్న ఒక సంగీత సభ వాళ్ళు తమ త్రైమాసిక పత్రిక కవర్‌కి ఫొటో తీయమన్నారు. డెబ్బై దాటిన ఫిడేలు విద్వాంసురాలు. వాళ్ళింట్లోనే, చాప మీద కూర్చుని వాయిస్తుంటే తీశాను.

మూడు పంపాను. ఒకటి 85 ఎంఎం లెన్సుతో క్లోజప్, కళ్ళు సూటిగా మన వైపే. నా ప్రాణం అందులోనే ఉంది. సంపాదకులు గారు చూసి, "ఆవిడ ఫిడేలు వాయిస్తారని ఎలా తెలుస్తుందయ్యా? ఆధార్ కార్డుకి తీసినట్టుంది" అనేశారు. రెండోది నడుం దాకా మిడ్ షాట్. ఫిడేలు సగం తెగింది, కమాను కొస ఫ్రేములోనే లేదు. మూడోది 35 ఎంఎం లెన్సుతో, నేను నిలబడి మనిషంతా వచ్చేలా తీసిన ఫుల్. అందులో ఆవిడ బొట్టు కన్నా పాపిడే ఎక్కువ కనపడుతోంది. ఆయన మాత్రం దాన్నే క్రాప్ చేసి సరిపెడదాం అంటున్నారు.

ఇంగ్లీషు సంగీత పత్రికల కవర్లు చూస్తే చాలావరకు ముఖాలే కదా, మనకెందుకు కుదరదు? ఆదివారం పొద్దున మళ్ళీ కూర్చోడానికి ఆవిడ ఒప్పుకున్నారు. ఏం తీయమంటారు?

పేజీల_బాబాయి:
ఓ వారపత్రికలో పేజీలు కట్టి రిటైరైనవాణ్ణి. మీ ఫొటోగ్రాఫర్లందరికీ ఒకటే జబ్బు నాయనా, ఫ్రేము నిండా ముఖం నింపేస్తారు. మరి పత్రిక పేరు ఎక్కడ వేసుకోవాలి, ఆవిడ నుదుటి మీదా? పేరు మీదకి తల వచ్చినా చెల్లేది, రెండక్షరాలు కనపడకపోయినా జనం గుర్తుపట్టే పత్రికలకి. మీ సభ పత్రికకి ఆ ధైర్యం వద్దు.

వదులుగా తీయి. నీది 24 మెగాపిక్సెల్ కెమెరా అయితే నిలువు ఫ్రేము వెడల్పు 4000 పిక్సెళ్ళు. ఏ4 కవర్‌కి చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (అంచు కోతకి వదిలే అదనం) కలుపుకున్నా, 300 డీపీఐకి, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, సుమారు 2550 పిక్సెళ్ళు చాలు. అంటే వెడల్పులో మూడో వంతు కోసేసినా ప్రింటు చెడదు. క్లోజప్ చెయ్యాలా మిడ్ షాట్ చెయ్యాలా అన్నది పేజీ కట్టే బల్ల దగ్గర తేల్చుకుంటాం. కోసేటప్పుడు మణికట్టు, మోచెయ్యి దగ్గర కత్తెర పడకూడదు, చెయ్యి విరిగినట్టు కనిపిస్తుంది.

కానీ కత్తెరతో కానిది ఒకటుంది. కెమెరా ఎంత ఎత్తులో ఉందో అది మారదు. నీ మూడో ఫొటోని ఎంత క్రాప్ చేసినా పాపిడి పాపిడే. కూర్చున్న మనిషిని తీయాలంటే నువ్వూ కూర్చోవాలి.

లీడ్స్_చిన్నోడు:
నేనిక్కడ మీడియా కోర్సు చేస్తున్నా. బాబాయి గారి కత్తెర మాటకి సరిపోయే ఉదాహరణ: 1993 సెప్టెంబరులో అమెరికా సంగీత పత్రిక రోలింగ్ స్టోన్ కవర్ మీద గాయని జానెట్ జాక్సన్ నడుం దాకా కనిపిస్తుంది. ప్యాట్రిక్ డెమార్షెలియే తీసిన అదే ఫొటోని ముఖం వరకే కోసి ఆవిడ ఆల్బం అట్ట మీద వేశారు. ఒకే క్లిక్కు, రెండు షాట్లు.

ముఖాలే వేస్తారన్నది కూడా పూర్తిగా నిజం కాదన్నా. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్, ఆయన భార్య యోకో ఓనోలని ఫొటోగ్రాఫర్ ఆనీ లీబోవిట్జ్ తీసిన అదే పత్రిక కవర్ చూడండి. నేల మీద పడుకున్న ఇద్దరి శరీరాలూ కనపడేలా, పైనుంచి తీసింది. 1980 డిసెంబరు 8న తీస్తే, ఆ రాత్రే లెనన్ హత్య జరిగింది. 1981 జనవరి 22 సంచికలో పత్రిక పేరు తప్ప శీర్షికలేవీ పెట్టకుండా వేశారు. అక్కడ పై కోణం వల్లే లెనన్, తల్లిని పట్టుకున్న పిల్లాడిలా అనిపిస్తాడు. మీ మేడంకి అదే కోణం పెడితే ఆవిడ చిన్నబోతారు.

శృతిలేని_శిష్యురాలు:
ఫిడేలు నేర్చుకుంటున్నదాన్ని కనక చెప్తున్నా. మన పద్ధతిలో ఫిడేలు తల కుడి పాదం మీద ఆనుతుంది. అందుకే నడుం దగ్గర కోస్తే వాద్యం సగమే మిగులుతుంది. పాదం దాకా ఉంచండి. కచేరీలో తీద్దామని మాత్రం అనుకోకండి, వేదిక కింద నుంచి తీస్తే ముక్కుపుటాలూ మైకే వస్తాయి.

ఇంకో దణ్ణం: పేజీలో అందంగా ఉందని ఫొటోని అద్దంలోలా తిప్పేయకండి! కమాను ఎడం చేతిలోకి వెళ్తుంది. సంగీతం తెలిసినవాళ్ళు మీ పత్రికని ఏళ్ళ తరబడి ఏడిపిస్తారు.

గోదారి_లెన్స్:
ఆదివారం అయిందండి. చాప ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చున్నా, కెమెరా ఆవిడ గడ్డం ఎత్తులో. అరగంటకి నా కాళ్ళు తిమ్మిరెక్కాయి, ఆవిడ మాత్రం కదల్లేదు. వాయించేటప్పుడు తీసినవన్నీ మళ్ళీ వెడల్పుగానే వచ్చాయి, కమాను అటు సాగుతుంది, ఫిడేలు ఇటు దిగుతుంది. తీగ దిగిందని ఆవిడ బిరడా తిప్పడానికి ముందుకు వంగారు. ముఖం ఫిడేలుకి దగ్గరగా వచ్చింది, కమాను ఒళ్ళో పడింది. "అయిందా నాయనా?" అని తలెత్తి చూశారు. అప్పుడు నొక్కాను. కళ్ళు మన వైపే, చెయ్యి బిరడా మీద, పాదం ఉంది, పైన పేరుకి చోటుంది.

సంపాదకులు గారు అదే తీసుకున్నారు. తిప్పొద్దని రెండుసార్లు ఫోన్ చేసి చెప్పాను. డబ్బులంటారా, పెళ్ళి ఆల్బంలో నాలుగు షీట్లకి వచ్చేంత.