ఎనిమిదేళ్లుగా కదలని శాన్ స్టార్మ్‌కు ఇంట్లోనే సర్వీసింగ్: సలహా కావాలి

మిర్యాలగూడలో మా మేనమామగారి రైస్ మిల్లు వెనుక షెడ్డులో ఎనిమిదేళ్లుగా కదలకుండా ఉన్న శాన్ స్టార్మ్ కారును గత నెలలో నల్లగొండలోని మా ఇంటికి తెచ్చుకున్నాను. గోవాలో తయారైన, ఫైబర్ గ్లాస్ బాడీ ఉన్న ఈ రెండు సీట్ల కారులో 1149 సీసీ రెనో ఇంజన్ ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పగానే వడ్ల పొట్టుతో ఎలుకలు కట్టుకున్న గూడు, దాని పక్కనే కొరికేసిన రెండు వైర్లు కనిపించాయి; ట్యాంకు మూత తీస్తే పెట్రోలు వాసనకు బదులు వార్నిష్ వాసన వచ్చింది.

స్టార్టర్‌ను ఇంకా ముట్టుకోలేదు. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండరులో కొద్దిగా ఇంజన్ ఆయిల్ పోసి, రెండు రోజులు ఆగి, క్రాంక్ పుల్లీ (ఇంజన్ ప్రధాన ఇరుసు చివర ఉండే చక్రం) బోల్టుకు పానా వేసి చేత్తో తిప్పితే ఇంజన్ ఎక్కడా పట్టేయకుండా తిరిగింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. బండి నడిచింది తక్కువే అయినా రబ్బరు వయసుతో పాడవుతుంది కనుక టైమింగ్ బెల్టును (ఇంజన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చేసే రబ్బరు పట్టీ), తేమను పీల్చుకుంటుంది కనుక బ్రేక్ ఆయిల్‌ను తప్పక మార్చాలనుకుంటున్నాను.

ఈ కారును స్వయంగా విప్పినవారు ఉంటే దయచేసి చెప్పండి. ఫైబర్ బాడీ పగలకుండా జాకీని, స్టాండ్లను ఏ చోట పెట్టాలి? బ్రేక్ సిలిండర్ల సీళ్లకు మన దగ్గర దొరికే ఏ కారువి సరిపోతాయి? ట్యాంకును దించి కడగాలా, లేక పాత పెట్రోలు తీసేస్తే చాలా? మేనమామగారిని పక్కన కూర్చోబెట్టుకుని మిర్యాలగూడ వరకు నడపాలని నా కోరిక. అందుకే బ్రేకుల విషయంలో ఏ చిన్న జాగ్రత్త ఉన్నా వదలకుండా రాయండి.