లినక్స్ ఫోన్ ఒక్కదానితో రోజు గడుస్తుందా?

ప్రశ్న: ఆండ్రాయిడ్ వదిలేసి పూర్తిగా లినక్స్ ఫోన్‌కి మారిపోదామని ఉంది. లినక్స్ కోసమే తయారైన పైన్‌ఫోన్ గానీ, పాత వన్‌ప్లస్ 6 మీద ఆండ్రాయిడ్ బదులు పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అనే లినక్స్ సిస్టమ్ వేసుకుని గానీ. చేతిలో అదొక్కటే ఉంటే సరిపోతుందా?

జవాబు 1: సరిపోదండీ. అందరూ యాప్‌లు లేవంటారు, నన్నడిగితే అంతకన్నా ముందు వచ్చే సమస్య ఫోన్ కాల్సే. పైన్‌ఫోన్‌లో చార్జింగ్ నిలవాలంటే ఫోన్ స్లీప్‌లోకి వెళ్లాలి, అప్పుడు నెట్‌వర్క్‌తో మాట్లాడే మోడెం ఒక్కటే మేలుకుని ఉంటుంది, కాల్ వస్తే అది ప్రాసెసర్‌ని లేపాలి, తర్వాత స్క్రీన్ వెలగాలి, ఆ తర్వాతే రింగు, ఈలోపు అవతలివాళ్లు పెట్టేస్తారు. స్లీప్ ఆపేశారా, సాయంత్రానికి బ్యాటరీ ఖాళీ. ఇంట్లో పెద్దవాళ్లు ఎప్పుడు ఫోన్ చేస్తారో తెలియనివాళ్లకి ఈ టెన్షన్ అవసరమా?

జవాబు 2: ఒక్క పైన్‌ఫోన్‌ని చూపించి అన్నిటినీ కొట్టిపారేస్తే ఎలా? అందులో ఉన్న ఆల్‌విన్నర్ ఏ64 చిప్ ఫోన్ వచ్చేనాటికే పాతది. సెయిల్‌ఫిష్ అనే ఇంకో లినక్స్ ఫోన్ సిస్టమ్ 2013 నుంచీ ఉంది. అలాంటిదే అయిన ఉబుంటు టచ్‌ని తయారుచేసిన కానోనికల్ కంపెనీ 2017లో వదిలేస్తే యూబీపోర్ట్స్ అనే కమ్యూనిటీ వాళ్లు ఇప్పటికీ నడిపిస్తున్నారు. వీటిలో చాలా ఫోన్లలో కాల్స్, కెమెరా బాగానే పనిచేస్తాయి.

జవాబు 1: పనిచేస్తాయి, ఒప్పుకుంటాను. ఎందుకు పనిచేస్తున్నాయో కూడా చెప్పాలి కదా. ఆ రెండూ ఎక్కువ ఫోన్లలో ఆండ్రాయిడ్ కోసం ఫోన్ కంపెనీ ఇచ్చిన కెర్నల్ (సిస్టమ్‌కి గుండెలాంటి భాగం), డ్రైవర్ల (హార్డ్‌వేర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) మీదే నడుస్తాయి, అంటే కంపెనీ ఆ కెర్నల్‌ని వదిలేస్తే మనమూ అక్కడే ఆగిపోతాం. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వాళ్లు వీలైనచోటల్లా మెయిన్‌లైన్ కెర్నల్ (లినక్స్ డెవలపర్లే నేరుగా విడుదల చేసేది) వైపు వెళ్తున్నారు, పాత ఫోన్‌ని ఏళ్లపాటు బతికించే దారి అదే, నాకు దానిమీద నిజంగా గౌరవం ఉంది. కానీ కెమెరా, కాల్ ఆడియో ఇబ్బంది పెట్టేదీ అక్కడే. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాల్సి వస్తోంది.

ఇక బ్యాంకు యాప్ సంగతి. లినక్స్ లోపలే ఆండ్రాయిడ్‌ని నడిపే వేడ్రాయిడ్‌లో ఆండ్రాయిడ్ యాప్‌లు తెరుచుకుంటాయి, అంతవరకూ బాగుంది. కానీ ఈ ఫోన్ గూగుల్ సర్టిఫై చేసినదేనా అని యాప్ గూగుల్‌వాళ్ల ప్లే ఇంటెగ్రిటీ అనే తనిఖీ ద్వారా అడిగిందంటే అక్కడితో సరి, లినక్స్ వైపు ఎంత కోడ్ రాసినా తీరేది కాదు. తలుపు మూసింది అవతలివాళ్లు.

జవాబు 2: అందుకే వాడేవాళ్లు పెరగాలంటున్నాను! అందరూ ఆగిపోతే ఆ తలుపు ఎవరు తెరుస్తారు? పైన్‌ఫోన్ వెనక మూత తీస్తే మోడెం, వైఫై, మైకు, కెమెరాలకి చిన్న చిన్న స్విచ్‌లుంటాయి, ఆపేస్తే ఆగిపోయినట్టే, సాఫ్ట్‌వేర్ మాట నమ్మక్కర్లేదు. మామూలు ఫోన్లలో ఆ హక్కు మనకి ఎవరిస్తున్నారు?

ప్రశ్న అడిగినవారు: మా బ్యాంకు యాప్ లేకుండా లాగిన్ కానివ్వదు. అయితే సిమ్ ఆండ్రాయిడ్‌లోనే ఉంచి, హాట్‌స్పాట్‌తో వన్‌ప్లస్ 6 మీద మెయిల్, బ్రౌజర్, నోట్స్ మొదలుపెడతాను. కాల్స్ సంగతి తర్వాత.

జవాబు 1: అలా చెయ్యండి. సిమ్ మార్చే రోజు మాత్రం వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే సదుపాయం) పనిచేస్తోందో లేదో ముందు చూసుకోండి, 3జీ ఎత్తేసినచోట అది లేకపోతే ఎమర్జెన్సీ కాల్ కూడా వెళ్లకపోవచ్చు.